గాల్లో నిలబడిన ర్యూ: స్ట్రీట్ ఫైటర్ బొమ్మలతో నా అనుభవం

రెండు మణికట్లూ కలవాలి. స్ట్రీట్ ఫైటర్ అనే వీడియో గేమ్‌లో ఫైటర్ ర్యూ. వాడి బొమ్మ ఏది కొన్నా నేను ముందు చూసేది అదే. ముందు కాలు వంగాలి, వెనక కాలు బారుగా చాపాలి, రెండు అరచేతులూ ఒకచోటికి వచ్చి వేళ్లు పంజాలా విచ్చుకోవాలి. అది హడూకెన్, అంటే ర్యూ చేతుల్లోంచి శక్తి ముద్ద వదిలే దెబ్బ. ఆ భంగిమ కుదరకపోతే, మొహం ఎంత బాగా చెక్కినా నాకది ర్యూ కాదు.

2023లో జాడా టాయ్స్ అనే బొమ్మల కంపెనీ వాళ్లు ఈ ఆట బొమ్మలను ఆరంగుళాల సైజులో తెచ్చారు. ముందుగా వచ్చినవాళ్లు ర్యూ, చున్-లీ, ఫే లాంగ్. అమెరికాలో ఒక్కొక్కటి 25 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా బావమరిది ర్యూనీ చున్-లీనీ బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. "పచ్చళ్లు పట్టుకెళ్లే పెట్టెలో బొమ్మలు తెచ్చాను బావా, అక్కకు నువ్వే చెప్పుకో" అన్నాడు. ఆ రోజే బాక్సులు విప్పేశాను. బాక్సు విప్పకుండా దాచుకునేవాళ్లంటే నాకు గౌరవమే, కానీ నేను మాత్రం అలా ఉండలేను. వంచి, తిప్పి, నిలబెట్టడానికే కదా అన్ని కీళ్లు పెట్టింది.

తొంభైల్లో గుంటూరులో మా ట్యూషన్ సందు చివర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. రూపాయి బిళ్ళకు ఒక ఆట. ఒక మెషిన్‌లో క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ నడిచేది. ఆ పేరు మాలో ఎవరికీ తెలీదు, అందరికీ అది ముస్తఫా గేమే. పక్క మెషిన్‌లో స్ట్రీట్ ఫైటర్ 2, క్యాప్‌కామ్ 1991లో విడుదల చేసిన ఆట. గుద్దులకు మూడు, తన్నులకు మూడు, మొత్తం ఆరు బటన్లు. స్టిక్‌ను కిందికి నొక్కి, అలాగే ముందుకు తిప్పి గుద్దు బటన్ కొడితే ర్యూ చేతుల్లోంచి నీలం ముద్ద దూసుకుపోయేది. వాడి అరుపు మాకు "ఆడుకో!" అని వినపడేది. వాడు తెలుగులోనే అంటున్నాడని చాలాకాలం నమ్మాను.

మేం ఆడింది అసలు ఆట కాదని పెద్దయ్యాక తెలిసింది. ఎవరో దొంగచాటుగా మార్చేసిన వెర్షన్ అది. దాన్ని రైన్‌బో ఎడిషన్ అంటారు. అందులో ర్యూ గాల్లో ఉండగానే హడూకెన్ వేస్తాడు. ఆట మధ్యలో స్టార్ట్ నొక్కితే మనిషే మారిపోతాడు. అసలు ఆటలో అవేవీ లేవని తెలిసి మొదట బాధపడ్డాను. తర్వాత అనిపించింది, మా షాపులో ఉన్నదే మా ర్యూ అని.

అందుకే నా షెల్ఫ్‌లో ర్యూ నేల మీద ఉండడు. నడుమును పట్టుకునే పారదర్శకమైన స్టాండు విడిగా కొన్నాను. దాన్ని బిగించి, బొమ్మను కాస్త ముందుకు వంచి, మోకాళ్లు రెండూ వెనక్కి మడిచాను. మోచేతుల దగ్గరే ఇబ్బంది వచ్చింది. రెండు చేతులూ ఒకేసారి ముందుకు తెస్తే ఛాతీ అడ్డొస్తుంది. ముందు ఎడమ చెయ్యి పూర్తిగా పెట్టి, తర్వాత కుడి భుజాన్ని కొంచెం కిందికి దించి తెస్తే మణికట్లు కలిశాయి. ఆ ఒక్క కిటుకు పట్టుకోవడానికి ఒక ఆదివారం సాయంత్రం పట్టింది. నీలం ముద్దను చేతుల ముందు అమర్చి, వెనక నుంచి చిన్న ఎల్ఈడీ పెడితే దాని అంచులు వెలుగుతాయి. దూరం నుంచి చూస్తే ఆ సందు వాసనతో సహా గుర్తొస్తుంది.

పాత బొమ్మలతో ఇది కుదరదు. 1993లో హాస్‌బ్రో ఈ ఆట బొమ్మలను జీఐ జో అనే తన చిన్న సైనికుల బొమ్మల సైజులో చేసింది. వాటి రంగులు, ప్యాకింగ్ అంటే నాకు ఇష్టమే. కానీ మణికట్టు కదలదు. అలాంటప్పుడు హడూకెన్ ఎలా వేస్తాడు?

చున్-లీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్ట్రీట్ ఫైటర్ 2లో మనం ఎంచుకోగలిగే మొదటి ఎనిమిది మందిలో ఒక్కతే ఆడపిల్ల, నీలం డ్రెస్సు, ముళ్ల కడియాలు. ఒంటికాలి మీద నిలబడేలా బ్యాలెన్స్ కుదిర్చితే పడకుండా ఉంటుంది. అది చాలు నాకు.

ఆటలో ఇండియా ఫైటర్ ధాల్సిమ్ దగ్గర మాత్రం ఆగాలి. ఆటలో మ్యాప్ మీద విమానం ఇండియాకి వచ్చి ఆగగానే షాపులో అందరం అరిచేవాళ్లం. వెనక ఏనుగులు నిలబడి ఉండేవి. ఇప్పుడు బొమ్మ దగ్గర్నుంచి చూస్తే మెడలో పుర్రెల దండ, నల్లగుడ్డు లేని తెల్లటి కళ్లు. మన దేశం నుంచి ఒక్కణ్ణి తీసుకుని ఇలా ఎందుకు చేశారని మనసు చివుక్కుమంటుంది. ఆ పుర్రెలు తన ఊళ్లో జబ్బుతో చనిపోయిన పిల్లలవని కథలో ఉంది. అది తెలిశాక ఆ దండను చూసే తీరు కొంచెం మారింది. వాణ్ణి షెల్ఫ్ మధ్యలోనే పెట్టాను.

ఇక వాడకం సంగతి. మాది ఇప్పుడు విశాఖ. సముద్రపు గాలి, ఏడాదంతా చెమ్మ. రెండో వేసవికి కొన్ని బొమ్మల మీద జిగురు తేలింది. ఇది బూజు కాదు. పీవీసీ మెత్తగా ఉండటానికి కలిపే ప్లాస్టిసైజర్ వేడికి పైకి ఊరుతుంది. గాలి ఆడని డబ్బాలో పెడితే ఇంకా ఎక్కువ. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు కలిపి మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడలో ఆరబెడితే పోతుంది. షెల్ఫ్ అద్దాన్ని రెండు వేళ్ల సందు ఉండేలా తెరిచి పెడతాను. ఎండ నేరుగా తగిలే గోడ వద్దు, తెల్ల బట్టలు పచ్చబడతాయి.

ఒక బొమ్మ (ఏ కంపెనీదో చెప్పను) మోచెయ్యి కీలు బిగుసుకుపోయి ఉంటే తొందరపడి తిప్పాను. టక్‌మని విరిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి కొత్త బొమ్మ ఏదైనా ముందు హెయిర్ డ్రయ్యర్‌తో ఒక నిమిషం వెచ్చబెట్టి, తర్వాతే కదిలిస్తాను. కీలు వదులైతే పిన్నుకు రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా పూసి పూర్తిగా ఆరాక బిగించాలి. మా ర్యూ నడుముకు రెండుసార్లు పూశాను, ఇప్పటికీ గట్టిగా ఉంది.

ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికిన ఒక చున్-లీ నకిలీదని డబ్బా తెరవగానే వాసన చెప్పేసింది. కళ్ల రంగు చెంప మీదికి కారి ఉంది. ఫొటోలో మొహం మసగ్గా ఉంటే కొనకండి.

అందరినీ కొనాలన్న టెన్షన్ కూడా పెట్టుకోవద్దు. మీరు రూపాయి వేసి ఎవరితో ఆడారో వాళ్లనే కొనుక్కోండి. నేను సాగట్ అనే ఫైటర్‌ను కొని ఆర్నెల్లలో ఒక స్నేహితుడికిచ్చేశాను. ఆటలో వాణ్ణి ఎంచుకుని ఎప్పుడూ ఆడలేదు, వాడి చేతిలో ఓడిపోవడమే. నేను ఎక్కువగా గెలిచింది జాంగీఫ్ అనే మల్లయోధుణ్ణి ఎంచుకుని ఆడినప్పుడు, ఇప్పుడు వాడి కోసం చూస్తున్నాను. పక్కవాళ్ల కంటే వాడు చాలా పెద్దవాడు కాబట్టి పై అర ఎత్తు చాలదు. రెండంగుళాలు పెంచమని వడ్రంగికి చెప్పాను.