చేతులు కట్టడమా, పక్కన కూర్చోవడమా?

తుంటి ఆపరేషన్ అయిన రెండో రాత్రి మా నాన్నమ్మ సెలైన్ సూది పీకేసింది. "గేదెను విప్పాలి" అంటూ మంచం దిగబోయింది. పగలంతా బాగానే ఉన్న మనిషి! ఇలా ఉన్నట్టుండి మతి కలవరపడటాన్ని డెలీరియం అంటారు. గంటల్లో మొదలై, తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది.

చేతులు మంచానికి కట్టేయడం ఒక దారి. సూది నిలుస్తుంది, నర్సుకు తీరిక దొరుకుతుంది. కానీ పెద్దవాళ్లు ఇంకా పెనుగులాడతారు, కలవరం ముదురుతుంది. మత్తు ఇంజెక్షన్ కూడా గండం గట్టెక్కడానికే, జబ్బుకు మందు కాదు.

అయినవాళ్లను పక్కన కూర్చోబెట్టడం రెండోది. నా ఓటు దీనికే. అత్తయ్య కళ్లజోడు పెట్టి, వినికిడి మిషన్ తగిలించి, "అమ్మా, ఇది ఆసుపత్రి. గేదెను తమ్ముడు చూసుకుంటాడులే" అంది. రెండు గుక్కలు నీళ్లు తాగించింది. ఈలోపు నర్సు నొప్పి ఉందా, మూత్రం ఆగిందా, జ్వరమా అని చూసింది. అసలు కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇలాంటి జాగ్రత్తలు ముందే తీసుకుంటే ఇంకా మేలు. 1999లో అమెరికాలో వెలువడిన యేల్ విశ్వవిద్యాలయ పరిశోధనలో, 70 దాటిన రోగుల్లో మామూలుగా చూసినవారిలో 15 శాతానికి డెలీరియం వస్తే, ఇలా చూసినవారిలో 9.9 శాతానికే వచ్చింది.

అయితే రెండు రాత్రులకే అత్తయ్యకు బీపీ పెరిగింది. మూడో రాత్రి నుంచి వంతులు వేసుకున్నాం.