మట్టి రోడ్డులో కారు మీద సైకిల్: వెనకా, పైనా, లోపలా?

"కారు వెనక కట్టుకుని వెళ్తే దిగేసరికి సైకిల్ గుర్తుపట్టలేనంత దుమ్ము. కవర్ కొనమంటారా, ర్యాక్ మార్చమంటారా?" ఈ మధ్య సైకిల్ తొక్కే స్నేహితుల్లో నలుగురైదుగురు ఇదే అడిగారు. విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను.

కవర్ సంగతి తర్వాత. ముందు దుమ్ము ఎటు పోతుందో చూడాలి. నా లెక్కలో తేల్చేది అదే. కారు ముందుకు పోతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. టైర్లు లేపిన దుమ్ము ఆ ఖాళీలోకి సుడి తిరిగి వచ్చి చేరుతుంది. వెనక భాగం నిటారుగా కోసినట్టుండే హ్యాచ్‌బ్యాక్‌లు, ఎస్‌యూవీలలో ఇది మరీ ఎక్కువ. వాటికి వెనక అద్దం మీద కూడా వైపర్ ఉండటానికి కారణం ఇదే. వెనక ర్యాక్‌కు కట్టిన సైకిల్ సరిగ్గా ఆ సుడిలోనే వేలాడుతుంది. అంటే కారు ఎంతసేపు నడిస్తే అంతసేపూ దానికి దుమ్ముస్నానమే. వేగం తగ్గిస్తే దుమ్ము లేవడం తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు.

పైన కడితే ఈ సుడి బాధ చాలావరకు తప్పుతుంది. మన టైర్ల దుమ్ము అంత ఎత్తుకు తక్కువే వస్తుంది. ముందు వెళ్లే బండి దుమ్ము, పురుగులు మాత్రం నేరుగా వచ్చి కొడతాయి. కాబట్టి ముందు బండికి దూరం పాటించాలి. ఇంధనం కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. ఎత్తు తక్కువ గేట్ల కింద దూరేటప్పుడు పైన సైకిల్ ఉందన్న సంగతి గుర్తుండాలి. బరువైన సైకిల్‌ని ఒక్కరే పైకెత్తడం కూడా అంత తేలిక కాదు. దుమ్ము ఒక్కటే చూస్తే మాత్రం వెనక ర్యాక్ కంటే ఇదే నయం.

లోపల పెట్టడమే నా ఓటు. వెనక సీటు మడిచి, పాత దుప్పటి పరిచి, ముందు చక్రం తీసేస్తే చాలా సైకిళ్లు పట్టేస్తాయి. చైను, గేర్లు ఉన్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టాలి. కిందికి పెడితే చైన్ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే డిరైలర్ వంగే ప్రమాదం ఉంది, దుప్పటికి నూనె కూడా అంటుతుంది. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులైతే చక్రం తీసిన వెంటనే, డిస్క్‌ని నొక్కిపట్టే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి. చక్రం లేనప్పుడు పొరపాటున బ్రేక్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి, మళ్లీ డిస్క్ దూర్చడానికి తంటాలు పడాలి. అద్దాలు మూసి, ఏసీలో బయటిగాలి రాకుండా పెట్టుకుంటే సైకిల్ ఎక్కించినప్పుడు ఎలా ఉందో దించేటప్పుడూ దాదాపు అలాగే ఉంటుంది. ఇబ్బందల్లా తిరుగు ప్రయాణంలోనే. అప్పుడు సైకిల్ మీది మట్టి కారులోకి వస్తుంది. దానికి ఆ దుప్పటే దిక్కు. ఇద్దరి కంటే ఎక్కువమంది వెళ్తే ఈ పద్ధతి కుదరదని ఒప్పుకోవాలి.

పికప్ తొట్టిలో వేసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. అక్కడా గాలి సుడి తిరుగుతుంది. పైన టార్పాలిన్ బిగిస్తే సరి.

ఇక వెనక ర్యాక్ తప్ప గతి లేనివాళ్ల సంగతి. నిరుడు నేనూ అలాగే వెళ్లాను, నిలువెల్లా కవర్ తొడిగి. మట్టి రోడ్డు గంటన్నర. దిగి కవర్ తీస్తే చైను మీద దుమ్ము తక్కువే గానీ, తాడు బిగించిన చోట ఫ్రేమ్ పెయింటు అరచేతి వెడల్పున మెరుపు పోయి పాలిపోయి ఉంది. గాలికి కవర్ కొట్టుకుంటూ, కింద నుంచి దూరిన సన్నటి దుమ్ముతో కలిసి గరుకు కాగితంలా దారి పొడవునా రుద్దిందన్నమాట. ఇప్పటికీ ఆ మచ్చ చూస్తే మనసు చివుక్కుమంటుంది. పైగా పెద్ద కవర్ వెనక లైట్లకు, నంబర్ ప్లేటుకు అడ్డం రావచ్చు.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా నిలువెల్లా కవర్ వద్దంటున్నాను. ఫ్రేమ్ మీది దుమ్ము తడిగుడ్డతో పోతుంది. అసలు నష్టం చైను దగ్గర. తడి నూనె రాసిన చైనుకు దుమ్ము అంటితే నల్లటి ముద్ద అవుతుంది. రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, కరకరలాడుతుంది. ఆ ముద్దే లింకుల మధ్య చేరి చైన్ని, గేర్ల పళ్లని అరగదీస్తుంది. కాబట్టి చైను, గేర్ల వరకు మాత్రం కవర్ బిగుతుగా తొడిగితే చాలు. ప్రయాణానికి ముందు రోజే చైను తుడిచి, తడి నూనెకు బదులు మైనం కలిసిన పొడి లూబ్ రాస్తే ఇంకా మంచిది. ఆరాక అది జిగటగా ఉండదు, దుమ్మును అంతగా పట్టుకోదు. సీటుకు, హ్యాండిల్ పట్టుకునే చోట్లకు ప్లాస్టిక్ సంచులు కడితే సరిపోతుంది.

దిగాక వెంటనే ఎక్కి తొక్కేయకండి. షాక్ ఫోర్క్ ఉంటే, పైకీ కిందికీ జారే ఆ నున్నటి గొట్టాల మీది దుమ్ము ముందు పొడిగుడ్డతో తుడవాలి. లేకపోతే మొదటి గుంతకే అది గొట్టాల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లలోకి పోతుంది. చైను మీద మెత్తటి బ్రష్ ఆడించి, పెడల్ నాలుగు తిప్పులు వెనక్కి తిప్పి చూసి, అప్పుడు ఎక్కండి. ఇంటికొచ్చాక ప్రెషర్ వాషర్‌తో మాత్రం కడగొద్దు. ఆ ధారకు దుమ్ము బేరింగుల్లోకి వెళ్లిపోతుంది. బకెట్ నీళ్లు, స్పాంజి చాలు.