నల్లమల బుగ్గలు, గండికోట టెంట్లు: ఎక్కడ డబ్బు పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు

"వేడినీటి బుగ్గలో స్నానం, అడవిలో టెంటు, రాత్రికి చలిమంట" అని ఫోన్లలో తిరిగే ప్యాకేజీల్లో మొదటి మాటే అబద్ధం. నల్లమల, ఎర్రమల కొండల్లో బుగ్గలకు కొదవ లేదు. మహానంది ఉంది, కాల్వబుగ్గ ఉంది, యాగంటి ఉంది. వీటిలో ఒక్కటీ వేడినీళ్లది కాదు. మహానంది కోనేటి మీద మార్గశిరంలో తెల్లారకముందు ఆవిరి లేస్తుంది, దిగితే గోరువెచ్చగా తగులుతుంది. భూమిలోంచి ఊరే నీళ్లు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిమీద ఉంటాయి. బయట చలి ముదిరితే అవి వెచ్చగా అనిపిస్తాయి, మే నెల ఎండలో అవే చల్లగా ఉంటాయి. వెచ్చటి స్నానం కావాలంటే డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దు పొడవకముందే దిగాలి. పది గంటలకు తీరిగ్గా పోయి "వేడేదీ?" అని పూజారిని అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతాడు!

వేడి సంగతి వదిలేస్తే మహానందికి సాటి లేదు. నిలువెత్తు నీళ్లలో అడుగున వేసిన రూపాయి బిళ్ల కూడా కనిపిస్తుంది. వచ్చిన నీళ్లు వచ్చినట్టే బయటికి పోతుంటాయి కాబట్టే ఆ తేట. చుట్టుపక్కల అరటి తోటలు పచ్చగా ఉండేది కూడా ఆ పారకంతోనే. సబ్బు, షాంపూ సంచిలోనే ఉంచండి. పిల్లలుంటే గాలిగోపురం బయటి గుండాలే నయం. నంద్యాలలోనే బస చేసి నాలుగున్నరకు బయల్దేరితే అరగంటలో కోనేటి దగ్గరుంటారు.

అడవిలో పడుకోవాలనుంటే ఆత్మకూరు దాటాక బైర్లూటిలో అటవీ శాఖ జంగిల్ క్యాంపు ఉంది. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా రెండు గంటల దారి. ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. సొంత టెంటు తెచ్చి నచ్చిన తావులో వేసుకుంటామంటే కుదరదు, కేసవుతుంది. ముందే బుక్ చేసుకుని, చీకటి పడకముందే చేరుకోండి. డీజిలు ఆత్మకూరులోనే నింపుకోవాలి, ఆ తర్వాత సిగ్నలూ అంతంతమాత్రమే. వానాకాలం మూడు నెలలు సఫారీ ఉండదు. కోతులకు తిండి పెట్టకండి, కారు అద్దాలు దించకండి, కారు దిగకండి. ఇక్కడ గడిచిన రాత్రి గురించి ఫిర్యాదులేమీ లేవు.

అహోబిలం హాయిగా గడిచింది. పై అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా నడిచేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో చేతికర్ర కొనుక్కోండి.

ఇక గండికోట. పేరు రాయనుగానీ, కోట బయట ఒక ప్రైవేటు టెంట్ల వాళ్ల దగ్గర మనిషికి 999, భోజనం, చలిమంట అన్నీ అందులోనే అన్నారు. నలుగురికి 3,996. చేరాక చలిమంట కట్టెలకు 400, కారు పెట్టినందుకు 100, కంబళి ఒక్కోదానికి 100 చొప్పున 400. మొత్తం 4,896. చేతికొచ్చింది చల్లారిన అన్నం, నీళ్ల పప్పు.

డబ్బు సంగతి అటుంచితే టెంటు వేసిన తీరే తప్పు. అక్కడ నేలంతా బండ, మేకు దిగదు. తాడు చివర రాయి కట్టి వదిలేశారు. అర్ధరాత్రి లోయలోంచి గాలి కొట్టేసరికి తాళ్లు వదులై, పైగుడ్డ వచ్చి లోపలిగుడ్డకు అంటుకుంది. రెండు గుడ్డల మధ్య ఖాళీ లేకపోతే మన ఊపిరి తేమే చుక్కలుగా మీద పడుతుంది. వాన పడలేదు, అయినా దిండ్లు తడిశాయి. ద్వారం సరిగ్గా గాలికి ఎదురుగా పెట్టారు. కింద వేలెడు మందం కూడా లేని చాప. బండ రాత్రంతా ఒంటి వేడిని లాగేస్తుంది, అప్పుడు పైన రెండు కంబళ్లు కప్పినా లాభం లేదు, కింద మెత్త ఉండాలి. మా వదిన రెండింటికే లేచి కారులోకి పోయింది. లోయ అంచున ఎండ పడిందాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

అందుకని డబ్బు కట్టకముందే అడగండి: టెంటు మట్టి మీదా, బండ మీదా? కింద పరుపెంత మందం? మరుగుదొడ్డి ఎంత దూరం, దీపం ఉందా? మంట టెంటుకు కనీసం పదిహేనడుగుల అవతల, గాలి పోయే వైపున ఉందా? నైలాను గుడ్డ నిప్పురవ్వ పడితే క్షణంలో బొక్క పడుతుంది. జవాబు నసిగితే పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్లో గది తీసుకోండి. తెల్లవారుజామున పెన్నా లోయ చూడ్డానికి అక్కడినుంచి నడిచినా పోవచ్చు. లోయ అంచున కంచె లేదు, ఫోటోల కోసం వెనక్కి అడుగులు వేయొద్దు. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోండి, బండసందుల్లో తేళ్లుంటాయి.

ఆ కోపం దిగింది జమ్మలమడుగులో నాష్టా దగ్గర. బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ప్లేటు 40. బొరుగులు తడిపి వెంటనే గట్టిగా పిండేశాడు కాబట్టి ముద్ద కాలేదు. దించాక పుట్నాలపొడి చల్లాడు, మిగిలిన తడి అది పీల్చుకుంది. బజ్జీ మిరపకాయ చీల్చి వాము, ఉప్పు కూరాడు. వదిన రెండో ప్లేటు అడిగింది, నవ్వింది కూడా.

తిరుగుదారిలో బెలుం గుహలకు మధ్యాహ్నం పోవద్దు, లోపల ఉక్కకు చొక్కాలు పిండుకోవాల్సి వస్తుంది. తెరవగానే దూరిపోయి, బనగానపల్లె మీదుగా యాగంటి చేరండి. నంది నోట్లోంచి పుష్కరిణిలో పడే నీళ్లు మంచి చల్లగా ఉంటాయి. అక్కణ్ణుంచి కర్నూలుకు సాయంత్రానికి చేరొచ్చు.