వానలు మొండికేసినా నిలబడిన ఊళ్లు చూసొచ్చాం

మేం చూసొచ్చినవి మూడు చోట్లు. మొదటిది జహీరాబాద్ వైపు. అటు వెళ్లాలనుకుంటే సంక్రాంతికి వెళ్లండి. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల జాతర మొదలుపెట్టేది అప్పుడే. ఎడ్లబండ్లను ముస్తాబు చేసి, బుట్టల్లో రకరకాల విత్తనాలు పెట్టుకుని, డప్పులతో పాటలతో నెల రోజుల పాటు ఊరూరా తిరుగుతారు. బండి ఆగిన ప్రతి ఊళ్లో రైతులంతా చేరతారు. ఈ ఏడు వాన ఎప్పుడు పడింది, ఏ పంట నిలబడింది, ఏది పోయింది అన్న చర్చ నడుస్తుంది. వాతావరణ మార్పు మీద ఇంత సూటిగా, ఇంత వివరంగా మాట్లాడుకునే సభను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ సంఘాల్లో ఎక్కువ మంది దళిత మహిళలు. ఎకరం, రెండెకరాల వాళ్లు. సంస్థ 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైంది. వీళ్ల చేలో ఒకే పంట కనిపించదు. జొన్న, కొర్ర, సామ, తైదలు, కంది, అనుములు, బెబ్బర్లు అన్నీ కలిపి వేస్తారు. వాన ముందొస్తే ఒకటి బాగుపడుతుంది, మధ్యలో ఎగ్గొడితే ఇంకొకటి తట్టుకుంటుంది. ఇల్లు గడవడానికి ఏదో ఒకటి చేతికొస్తుంది. నల్లరేగడిలో అయితే చలికాలపు మంచుతో, నేలలో మిగిలిన తేమతోనే పండే పంటలున్నాయి. వాటిని ‘సత్యం పంటలు’ అంటారు.

ఒక ఇంట్లో విత్తనాల బుట్టలు దగ్గర నుంచి చూశాం. వెదురు బుట్టకి లోపలా బయటా మట్టీ పేడా అలికారు. విత్తనానికి బూడిద, ఎండిన వేపాకు కలిపి నింపి, పైన కూడా అలికి మూసేశారు. పురుగు దూరడానికి సందు లేదు. మందు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కాసిని పచ్చజొన్నలు అడిగితే ఆ పెద్దమ్మ దోసిట్లో పోసి, “తీసుకపో బిడ్డా, గని వచ్చే యేడు రెండింతలు తెచ్చియ్యాలె” అంది. అది ఊరికే అన్న మాట కాదు, అక్కడి సంఘాల కట్టుబాటే అది. అలా తిరిగొచ్చిన విత్తనమే మళ్లీ ఇంకొకరికి వెళ్తుంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం (యూఎన్‌డీపీ) ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ ఈ సంఘాలకు వచ్చింది. మాచ్‌నూర్‌లోని సంఘం రేడియో కూడా తప్పక చూడండి. 2008 అక్టోబర్ 15 నుంచి 90.4 ఎఫ్‌ఎం మీద ఊరి ఆడవాళ్లే నడుపుతున్న స్టేషన్ అది.

వసతుల సంగతికొస్తే, హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు, బస్సులకు కొదవ లేదు. కష్టమంతా జహీరాబాద్ నుంచి లోపలి ఊళ్లకే. చీకటి పడితే ఆటోలు దొరకవు, అందుకని ఆటోను రోజంతటికీ మాట్లాడుకోవడమే మేలు. మేం దిగిన లాడ్జి హైవే పక్కనే. గది శుభ్రంగానే ఉంది కానీ లారీల హోరుకి నిద్ర పట్టలేదు. పిల్లలతో వెళ్తే ఉదయమే బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావడం మంచిది.

రెండోది కల్పవల్లి, ఊళ్ల వాళ్లు కాపాడుకుంటున్న గుట్టలు. అక్కడికి మాత్రం అలా వెళ్లి ఇలా వచ్చేస్తే లాభం లేదు. అనంతపురం నుంచి బెంగళూరు హైవే మీద వస్తే చెన్నేకొత్తపల్లి తగులుతుంది. 1990లో ఇక్కడ మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ చుట్టుపక్కల ఊళ్లతో కలిసి 7 వేల ఎకరాల పైచిలుకు బోడిగుట్టలను మళ్లీ పచ్చగా చేసింది. వాన సాలుకు 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే ప్రాంతమిది. పడినా ఒకేసారి కుమ్మరించి, తర్వాత వారాల తరబడి మొహం చాటేస్తుంది. అక్కడ మొక్కలు నాటారు, విత్తనాలు చల్లారు. కానీ అసలు పని కాపలా. పచ్చి చెట్టు కొట్టకూడదు, గుట్టకి నిప్పు తగలకూడదు. ఎండాకాలం ముందు గడ్డి కోసి, మంట పాకకుండా ఖాళీ దారులు (ఫైర్ లైన్లు) తీస్తారు, కాపలా మనుషులు గుట్టలన్నీ తిరుగుతారు. మాతో వచ్చిన ఆయన మొదట్లోనే ఆపి, “బీడీలు, అగ్గిపెట్టెలు ఉంటే ఈడనే పెట్టి రాండన్నా” అన్నాడు. మా దగ్గర లేవన్నా ఊరుకోలేదు, డ్రైవర్ జేబు కూడా చూపించమన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ముప్పై ఏళ్ల కష్టం ఒక్క అగ్గిపుల్లతో పోతుందని తెలిసిన మనిషి అలాగే ఉంటాడు.

వంకల వెంబడి ఈతచెట్లు, పైన నడుమెత్తు గడ్డి. ఇళ్లు కప్పుకునే బోదగడ్డి, బుట్టలకీ చీపుర్లకీ ఈతాకు ఇక్కడి నుంచే వెళ్తాయి. గొర్రెల మందలకి మేత ఇక్కడే. కింద చెరువులకి నీళ్లు కూడా ఈ గుట్టల మీద ఇంకిన వానవే. తోడేళ్లు తిరుగుతాయని చెప్పారు. మాకు కనబడలేదు.

ఇంకొకటి కూడా చూసి రావాలి. గుట్టల మీద గాలిమరలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి రెక్కలు మోసే లారీల కోసం వాలులు తొలిచి వెడల్పాటి రోడ్లు వేశారు. తవ్విపోసిన మట్టి వంకల్లోకి జారింది. గాలి కరెంటు కావాల్సిందే, బొగ్గు మానాల్సిందే. నాకు అందులో రెండో మాట లేదు. కానీ రెవెన్యూ రికార్డుల్లో ఆ నేల ఇంకా బంజరే. కాపాడిన వాళ్ల పేరు ఏ కాగితంలోనూ లేదు కాబట్టి, వాళ్లను అడగకుండానే రోడ్డు పడింది. ఊళ్ల వాళ్లు, సంస్థ కలిసి పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి కొట్లాడారు. వాతావరణం కోసం చేసే పని కూడా గ్రామసభ ముందుకు వచ్చి తీరాలని నాకు అక్కడ నిలబడ్డాక బలంగా అనిపించింది. ఒక పక్క మర తిరుగుతోంది, దాని కిందే వంక పూడిపోయి ఉంది. రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి.

కల్పవల్లి టూరిస్టు స్పాట్ కాదు. ముందే రాసి, ఒప్పుకున్నాకే వెళ్లాలి. మేం ధర్మవరంలో దిగాం. రైలు స్టేషన్ ఉండటం పెద్ద సౌకర్యం, భోజనం బాగుంది. అక్కడి నుంచి కారు మాట్లాడుకోక తప్పదు. గుట్టల మీద సిగ్నల్ ఉండదు, నీడ తక్కువ. వానలు తగ్గాక, అక్టోబర్ నుంచి జనవరి మధ్య వెళ్తే గడ్డి నిండుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు.

మూడోది మహారాష్ట్రలోని హివరే బజార్ అనే ఊరు. షిర్డీ వెళ్లే తెలుగువాళ్లు ఇంకో రోజు పెట్టుకుంటే చూడొచ్చు. షిర్డీ నుంచి అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) ఎనభై కిలోమీటర్ల పైన, అక్కడి నుంచి ఊరు దగ్గరే. 1990 ప్రాంతంలో పోపట్‌రావ్ పవార్ సర్పంచ్ అయ్యేనాటికి పనుల కోసం జనం వలసపోతున్న ఊరది. శ్రమదానంతో కొండ వాలున కందకాలు తవ్వారు, చెట్లు నరకడం, పశువులను విచ్చలవిడిగా వదలడం ఆపారు. సాగుకి బోర్లు వేయకూడదని, చెరకు లాంటి నీళ్లు తాగే పంట వద్దని తీర్మానించుకున్నారు. ఏటా వానలు అయిపోయాక గ్రామసభలో నీళ్ల బడ్జెట్ వేస్తారు. పడిన వాన ఎంత, బావుల్లో మట్టం ఎంత అని చూసి, ముందు మనుషులకీ పశువులకీ తాగునీళ్లు పక్కన పెడతారు. మిగిలిన నీళ్లను బట్టే రబీలో ఏం వేయాలో, ఎంత వేయాలో నిర్ణయం. వాన తక్కువైతే సాగు తగ్గాల్సిందే. పవార్‌కి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తన బావిలో నీళ్లుండి కూడా ఊరి లెక్కకు తల వంచే ప్రతి రైతుకీ అందులో వాటా ఉందని నా అభిప్రాయం.

చూపించే పద్ధతి ఇక్కడే అన్నిటికన్నా బాగుంది. వచ్చేపోయే జనానికి అలవాటుపడిన ఊరు, హిందీ వస్తే చాలు. కాకపోతే పెద్ద బృందం వెనక పడితే గబగబా తిప్పేస్తారు, అందుకే శని ఆదివారాలు వద్దు. అహ్మద్‌నగర్‌లో మేం దిగిన హోటల్ ఖరీదుకు తగ్గట్టు లేదు. కరువు జిల్లాలో బాత్‌రూమ్ కుళాయి రాత్రంతా కారుతూనే ఉంది, రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. అన్నా హజారే ఊరు రాళేగణ్ సిద్ధి కూడా ఆ జిల్లాలోదే. అక్కడికి వెళ్లే టైమ్ మాకు లేకపోయింది.

పిల్లలకి జాతర, నడవగలిగిన వాళ్లకి కల్పవల్లి, సర్పంచులకీ వార్డు మెంబర్లకీ హివరే బజార్. పంచాయతీ తరఫున వెళ్లేవాళ్లు ఒక పని చేయండి. మీ మండలంలో గత పదేళ్ల వర్షపాతం వివరాలు మండల గణాంక అధికారి దగ్గర తీసుకోండి. ఊళ్లో ఎన్ని బోర్లున్నాయో, ఎన్ని ఎండిపోయాయో రాసుకుని వెళ్లండి. హివరే బజార్‌లో మమ్మల్ని మొదట అడిగింది అదే, ఆ తర్వాతే తమ లెక్క చెప్పడం మొదలుపెట్టారు.