పాలకొల్లు కాలవ పక్కన బోర్డు లేని షెడ్డు, నా పాత స్ప్లెండర్ సౌండ్ గొడవ

ముందే చెప్పేస్తున్నా, ఏసీ రూములో కూర్చోబెట్టి కంప్యూటర్ బిల్లు చేతికిచ్చే సర్వీసింగ్ కావాలనుకునేవాళ్లకి ఈ రివ్యూ పనికిరాదు. ఈ షెడ్డుకి బోర్డు కూడా లేదండి. పాలకొల్లు నుంచి నరసాపురం వైపు వెళ్తుంటే కాలవ పక్కన రేకుల షెడ్డు, ముందో వేపచెట్టు, దాని కొమ్మకి వేలాడదీసిన పాత టైర్లు, అంతే గుర్తు.

బండి 2004 స్ప్లెండర్, హీరో హోండా ఇంకా విడిపోని రోజుల్ది, 97.2 సీసీ, ఏపీ 37 నంబరు. నాన్న కొన్నారు. 15 ఏళ్లు నిండాక ఆర్‌సీ ఐదేళ్లకి రెన్యువల్ చేయించా, అదీ అయిపోతే మళ్లీ చేయించా, ఇంట్లో అమ్మేయమని ఒకటే పోరు, నాకేమో మనసు రాదు. పైగా మొగల్తూరు వైపు రొయ్యల చెరువు గట్ల మీద మేత బస్తా వేసుకుని తిరగాలంటే ఇంత తేలిగ్గా, ఇంత తక్కువ పెట్రోలుతో తిరిగే బండి నాకింకోటి దొరకలేదు. ఉప్పునీళ్లు, బురద, వాన అన్నీ దీని మీదే. కాబట్టి బండిననేదేం లేదు, తప్పంతా నా వాడకానిదే.

సంక్రాంతి ముందు నుంచి వెనకాల సౌండ్ మొదలైంది. నలభై దాటితే గర్ర్‌ర్‌ మని ఒక మోత, నెమ్మదిగా పోతుంటే టిక్... టిక్... టిక్ అని ఇంకోటి, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడల్లా కింద ధడ్ మని ఒక దెబ్బ. మా ఊరి దగ్గర ఒకాయన వినకుండానే చైన్ సెట్ అయిపోయిందన్నాడు, సరే అని చైను, అది తిరిగే రెండు పళ్ల చక్రాలు (స్ప్రాకెట్లు) కొత్తవి వేయించా, 1,350 అయింది, సౌండ్ ఇంకా పెరిగింది. ఇంకో చోటికెళ్తే గేర్ బాక్స్ బేరింగులు పోయాయి, ఇంజన్ దింపాలి, ఆరున్నర వేలు అన్నారు. అదీ బండి స్టాండ్ వేసి, ఒక్కసారి రేజ్ చేసి, రెండు నిమిషాల్లో! అక్కడి నుంచి వచ్చేశాను. ఈ షెడ్డు గురించి చెప్పింది మా చెరువు దగ్గర ఏరియేటర్ (నీళ్లు చిలికి గాలి కలిపే మిషను) మోటార్లు బాగుచేసే కుర్రాడు.

మేస్త్రీకి అరవై ఉంటాయి, అందరూ బాబాయ్ అంటారు కాబట్టి నేనూ అదే అన్నా. నేను గేర్ బాక్స్ సంగతి చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి "ఆళ్లేవన్నారో నాకొద్దు బాబూ, సౌండ్ ఎప్పుడొత్తందో చెప్పు" అన్నాడు. క్లచ్ పట్టుకుంటే తగ్గుతుందా, గేరు మారిస్తే సౌండ్ మారుతుందా, బ్రేక్ తొక్కితే ఆగుతుందా, ఎడమ పక్కకి వంగినప్పుడా కుడి పక్కకా... నిజం చెప్పాలంటే సగం ప్రశ్నలకి నా దగ్గర సమాధానం లేదు, రోజూ నడిపే బండి గురించి.

అప్పుడు ఆయనే వెనక ఎక్కి కూర్చుని కాలవ వంతెన మీదకి పోనిమ్మన్నాడు. మన డెల్టాలో డౌను ఎక్కడుందండీ, వంతెన దిగేటప్పుడు తప్ప! రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, పైనుంచి దిగేటప్పుడు న్యూట్రల్ చేయించి, ఇంజన్ ఆపేయమన్నాడు. బండి దానంతటదే జారుతోంది, ఇంజన్ చప్పుడు లేదు, గాలి, వెనక నుంచి మాత్రం గర్ర్‌ర్ అలాగే ఉంది. "ఇనపడతందా? ఇంజన్ ఆగిపోయింది, సౌండ్ ఆగలేదు. ఇంజన్ దింపే ముందు చక్రం చూడొద్దా?" అన్నాడు. ఆరున్నర వేలు మిగులుతాయని ఆ వంతెన మీదే ఆశ పుట్టింది నాకు.

షెడ్డుకొచ్చాక సెంటర్ స్టాండ్ వేసి వెనక టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టాడు. చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పుతూ లెక్కపెట్టమన్నాడు. గీత కిందకి వచ్చిన ప్రతిసారీ టిక్, సరిగ్గా అక్కడే. దీంట్లో ఏముంది అంటారా, చైన్లో లింకు ఏదైనా బిగుసుకుంటే ఇలా రాదంట, ఈ బండికి చైను మొత్తం ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి చక్రం రెండు చుట్లు దాటి ఇంకా కొంచెం తిరుగుద్ది, కాబట్టి ఆ టిక్ రెండు చుట్లకోసారి, అదీ గీత వేరే వేరే చోట ఉన్నప్పుడు వినపడాలి. ముందు చిన్న స్ప్రాకెట్ అయితే చక్రం ఒక చుట్టు తిరిగేలోపు మూడుసార్ల దాకా రావాలి. చుట్టుకి ఒకసారే వస్తోందంటే తేడా చక్రంతో పాటు తిరిగేదాంట్లోనే ఉండాలి. ఈ లెక్క నాకు ఇరవై ఏళ్లలో ఎవరూ చెప్పలేదు.

చైన్ కవర్ విప్పాడు. లోపలి వైపు పేరుకున్న మట్టి, గ్రీజు మధ్యలో చంద్రవంకలాగ ఒక గీత, కొత్త రేకులా తళతళలాడుతోంది. వెనక స్ప్రాకెట్ నట్లలో ఒకటి మూడు మరలు బయటికి వచ్చేసి, తిరిగినప్పుడల్లా ఆ కవర్‌ని గీరుతోంది. నట్టు వదులవకుండా దాని కింద ఉండే లాక్ వాషర్ చెవి మడవాలి, మొన్న చైన్ సెట్ మార్చినాయన మడవలేదు, అది తిన్నగా బల్లపరుపుగా ఉంది. ఆ నట్టు పూర్తిగా ఊడి చైన్లో పడుంటే చక్రం పట్టేసేదన్నాడు, వెనక యాభై కేజీల మేతతో గట్టు మీద పోయే మనిషిని కదా, వెన్ను జలదరించింది.

ఇంక గర్ర్. చైను తీసేసి చక్రం తిప్పి, పొడుగు స్క్రూ డ్రైవర్ మొన హబ్ (చక్రం నడిమి భాగం) దగ్గర ఇరుసుకి ఆనించి, పిడి నా చెవికి పెట్టాడు. పిండిమర లోపల తల పెట్టినట్టుంది! చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపితే ప్లే కూడా తెలుస్తోంది. బేరింగ్ కొట్టి బయటికి తీస్తే గ్రీజు లేదు, ఆవకాయ అడుగున మిగిలిన ముద్దలాగ ఎర్రటి తుప్పు. ఉప్పునీళ్ల పని. దానికి తోడు కొత్త చైన్ని సౌండ్ తగ్గుద్దని తీగలా బిగించేశారు, ఆ లాగుడంతా బేరింగ్ మీదే పడింది. కవర్‌కి ఉండే రబ్బరు మూత తీసి వేలితో చైన్ని ఆడిస్తే ఒక అంగుళం దాకా కదలాలి, నాది కదిలితే ఒట్టు. ధడ్ మనే దెబ్బ హబ్ లోపల కుదుపు తగ్గించే రబ్బర్లది, గట్టిపడి చెక్కల్లా అయిపోయాయి, మార్చేశాడు.

బేరింగులు, రబ్బర్లు, కొత్త లాక్ వాషర్లు కలిపి 540, మజూరీ 350. నా ఎదురుగానే వాషర్ చెవులన్నీ మడిచి చూపించాడు.

తిట్టాల్సినవీ ఉన్నాయి. ఫోన్ ఎత్తడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా పడుకుంటాడు, ఎవరొచ్చినా లేవడు. పొద్దున తొమ్మిదికి వెళ్తే నాకు సాయంత్రం ఐదయింది, కూర్చోడానికి ఒకటే స్టూలు, దాని మీద కార్బొరేటర్ ఉంటుంది. బిల్లు ఇవ్వడు, బేరింగ్ అట్టపెట్టె మీద లెక్క రాసిచ్చాడు. కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లు ముట్టుకోనని మొహం మీదే చెప్పేస్తాడు, అది నాకు నచ్చింది గానీ అలాంటి బండి ఉన్నవాళ్లు అంత దూరం వెళ్లి తిరిగి రాకండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒకటి ఎందుకు తగ్గిందంటే, గతుకుల్లో సెంటర్ స్టాండ్ టకటకమంటోంది, స్ప్రింగ్ బజార్లో దొరకలేదని సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి పంపించాడు, మూడు రోజులకే తెగిపోయింది.