బోర్డోనా, బర్గండీనా? ఏది మేలు?

మంచి ఫ్రెంచ్ వైన్ ఒకటి కొందామని షాపుకెళ్తే తేలాల్సింది ముందు ఇదే. రెండూ ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరున్న ప్రాంతాలు. నా మాట మొదటే చెప్పేస్తాను: డబ్బు చూసి కొనేవాళ్లకి బోర్డో మేలు, కారం తినే ఇంటికి బర్గండీ మేలు. ఎందుకన్నది నేలలోనే ఉంది.

బోర్డో ఫ్రాన్స్‌కి నైరుతిన, గారోన్, డోర్డోన్ నదులు కలిసి జిరోండ్‌గా సముద్రంలోకి పోయే చోట ఉంది. ఎడమ గట్టున మెడాక్. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజనీర్లు కాలవలు తవ్వేదాకా అక్కడ చాలా భాగం చిత్తడి. నీళ్లు తీసేశాక సాగుకి దొరికినవి గులకరాళ్ల దిబ్బలు. చూస్తే ఇక్కడ ఏం పండుతుందిలే అనిపించే నేల. కానీ ఆ రాళ్లలో వాన నీరు నిలవదు. పగలు కాసిన ఎండని దాచుకుని రాత్రి తీగకి వెచ్చదనం ఇస్తాయి. ఆలస్యంగా పండే కాబర్నే సోవిన్యాన్ అనే ద్రాక్షకి కావాల్సింది అదే. (మన అనాబెషాహి సైజు ఊహించుకోకండి. ఇవి చిన్న కాయలు, తొక్కా గింజే ఎక్కువ. వగరంతా అక్కడి నుంచే వస్తుంది.) కుడి గట్టున పోమెరోల్, సెయింట్-ఎమిలియన్ వైపు బంకమట్టి, సున్నపురాయి. ఆ చల్లటి నేలకి ముందే పండే మెర్లో ద్రాక్ష నప్పుతుంది.

బోర్డో వాళ్లు ఈ రకాలని విడివిడిగా పులియబెట్టి తర్వాత కలుపుతారు. రుచి కోసమే కాదు, ధైర్యం కోసం కూడా. మెర్లో ముందు పూస్తుంది, కాబర్నే వెనక పూస్తుంది. ఒకదాని పూత వానకి రాలిపోతే రెండోది ఆదుకుంటుంది.

బర్గండీ రైతుకి ఆ దారి లేదు. ఎర్ర వైన్‌కి దాదాపు పినో న్వార్ ద్రాక్ష ఒక్కటే, తెల్ల వైన్‌కి ఎక్కువగా షార్డనే. పినో తొక్క పలచన, వాన పడితే కుళ్లు పడుతుంది. రెండూ తొందరగా చిగురిస్తాయి కాబట్టి ఏప్రిల్ మంచు వాటికి గండం. 2021 ఏప్రిల్‌లో చిగుళ్లు కాపాడుకోవడానికి రాత్రంతా తోటల్లో కొవ్వొత్తులు వెలిగించారు, అయినా చాలా పంట పోయింది.

మరి ఇంత కష్టం ఎందుకు పడుతున్నారు? నేల కోసం. అడుగున సున్నపురాయి, పైన బంకమట్టి, వాలుని బట్టి ఆ పాళ్లు మారతాయి. గట్టు ఇవతల పొలం ఒక రుచి, అవతల పొలం ఇంకో రుచి అని అక్కడి సన్యాసులు వందల ఏళ్ల కిందటే గుర్తుపెట్టుకున్నారు. అలా విడివిడిగా పేర్లున్న 1,247 పొలం చెక్కలకి 2015లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. వాటిలో బాగా పేరున్న రొమానే-కాంటి మొత్తం కలిపి నాలుగున్నర ఎకరాలే.

తేడా అసలు ఇక్కడుంది. బోర్డోలో పేరు ఇంటిది, అంటే తోట పెంచి వైన్ చేసే ఎస్టేటుది. దాన్నే షాటో అంటారు. 1855లో ధరలని చూసి వ్యాపారులు షాటోలకి వేసిన హోదాల వరుస ఇప్పటికీ నడుస్తోంది. చెప్పుకోదగ్గ పెద్ద మార్పు ఒక్కటే, 1973లో మూటాన్ రాత్‌షీల్డ్ అనే షాటో మొదటి వరుసకి ఎక్కడం. బర్గండీలో పేరు పొలానిది. పొలాలేమో అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైపోయాయి, ఆస్తిలో పిల్లలందరికీ సమాన వాటా అని 1804 నాటి ఫ్రెంచ్ పౌరస్మృతి చెప్పింది మరి. క్లో ద వూజో అనే తోట చూడండి. చుట్టూ పాత రాతిగోడ, లోపల 50 హెక్టార్లు, యజమానులు 80 మంది దాకా. పై వాలులో నీరు నిలవని సున్నపునేల, కింద రోడ్డు పక్కన తడి ఆరని మట్టి. లేబుల్ మీద అందరికీ ఒకటే హోదా, అన్నిటికన్నా పై మెట్టు, గ్రాన్ క్రూ! అందుకే బర్గండీలో పొలం పేరు కన్నా ముందు రైతు పేరు చూడాలి.

నేను ఆ పని చేయక ఒకసారి మోసపోయాను. బర్గండీ అన్న మాట కనిపించింది చాలని ఒక షాపులో సీసా కొన్నాను. నీళ్లగా, పుల్లగా, పేరుకి తప్ప దేనికీ పనికిరాకుండా ఉంది. ఆ డబ్బుకి బోర్డోలో ఇంత దెబ్బ తినేవాణ్ణి కాదు. అక్కడ సరుకు అమ్మకాల కన్నా ఎక్కువైపోయి, తోటలు పీకేయడానికి 2023లో డబ్బులిచ్చే పథకమే పెట్టారు. పేరున్న షాటోలు వదిలేస్తే మామూలు బోర్డో చవకే.

రెండూ చెరో గ్లాసులో పోసి తెల్లకాగితం ముందు వంచి చూడండి. పినో వెనక పెట్టిన వేలు కనిపిస్తుంది. కుర్ర కాబర్నే వెనక కనపడదు. తాగితే కాబర్నే వగరు చిగుళ్లని పట్టేస్తుంది. నెయ్యో, మాంసం కొవ్వో తగిలితే ఆ వగరు తగ్గుతుంది. కారం తగిలితే మాత్రం ఇంకా మండుతుంది. మన కోడి వేపుడు పక్కన కుర్ర బోర్డో పెడితే జరిగేది అదే. పినోలో వగరు తక్కువ, పులుపు ఎక్కువ. ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే వేపుడుతో హాయిగా పోతుంది. కారం తక్కువ వేసి కాల్చిన మటన్ చాప్స్ అయితే మళ్లీ బోర్డోదే పైచేయి.

గోంగూర మాంసానికి మాత్రం ఏదీ తీయకండి. ఆ పులుపు ముందు రెండూ చప్పబడిపోతాయి.