గుంటలు తవ్విన పాత గిటారు: పూడ్చాలా, పలక మార్చాలా, మెట్లు మారిస్తే చాలా?

మెట్టుకీ మెట్టుకీ మధ్య చెక్కను దోనెలా తవ్వేసిన గిటారు చూడగానే చాలామంది ‘ఎవడో పాడుచేశాడు’ అంటారు. అది కావాలని చేసే పనే. వేలు చెక్కకు తగలకుండా తీగ మీదే ఆనుతుంది, పక్కకి లాగితే గమకం తేలిగ్గా పలుకుతుంది. 1970లలో మన సంగీతాన్నీ పాశ్చాత్య సంగీతాన్నీ కలిపిన శక్తి బృందంలో ఇంగ్లిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వాయించింది ఇలాంటి పలక (మెట్లు దిగేసే చెక్క) ఉన్న గిటారే. వీణ వాయించేవాళ్లకైతే ఇందులో వింతేమీ లేదు. వీణకు మెట్ల మధ్య చెక్క తగిలే ప్రశ్నే రాదు కదా!

ఇప్పుడు నా బల్ల మీదున్నదానికి జిట్రేగి పలక. మొదటి ఐదు మెట్లు తీగల కింద గాళ్లు పడిపోయాయి, రెండు తీగలు జుయ్యిమంటున్నాయి. రాయగడలో అడిగితే మనిషికో సలహా.

ఏ సలహా వినాలన్నా ముందు నెక్ (గిటారు మెడ) చూడాలి. తీగలు శ్రుతిలో ఉంచి, మూడో తీగను ఒకటో మెట్టు దగ్గరా, నెక్ గిటారు బాడీకి కలిసే చోటా నొక్కిపట్టండి. మధ్యలో మెట్టుకీ తీగకీ నడుమ విజిటింగ్ కార్డు దూరితే పరవాలేదు. నాలుగైదు కార్డులు దూరితే నెక్ వంగినట్టే. ఈ కొలత వానాకాలంలో వద్దు. శ్రావణంలో చెమ్మకు ఉబ్బిన చెక్క సంక్రాంతికి ఇంకోలా ఉంటుంది.

గుంటలు పూడ్చమనే సలహా ఎక్కువగా వడ్రంగుల దగ్గర వినిపిస్తుంది: రంపపు పొట్టు, ఎపాక్సీ కలిపి నింపి, చిత్రిక పట్టేస్తే సరి. నాకిది అన్నిటికన్నా అధ్వానం. ఏళ్ల తరబడి వేళ్ల జిడ్డు పీల్చిన చెక్కకు ఎపాక్సీ సరిగా పట్టదు. మెట్లు మళ్లీ దిగ్గొట్టేటప్పుడు అంచులు రాలతాయి. గమకం పోతుంది, మామూలు గిటారూ కాదు.

కొత్త పలక వెయ్యడం గట్టి పనే, కానీ లెక్క తప్పకూడదు. మా రైలు లైనులోనే బొబ్బిలి ఉంది, అక్కడ గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసేవాళ్లున్నారు, వాళ్లకే ఇస్తే పోదా అని అడుగుతారు. చెక్కపనిలో వాళ్లకు తిరుగులేదు. అయితే వీణకు ఇరవైనాలుగు ఇత్తడి మెట్లనూ మైనం మీద చెవితో విని నిలబెడతారు, తేడా వస్తే మైనం కరిగించి జరుపుతారు. గిటారులో ఆ వెసులుబాటు లేదు, మెట్టు దిగే గాడి కోస్తే కోసినట్టే. 648 మి.మీ. తీగకు ఒకటో మెట్టు నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి 36.4 మి.మీ. దూరం, పన్నెండుకీ పదమూడుకీ మధ్య 18.2 మాత్రమే. ఒక మి.మీ. తప్పితే పైమెట్లలో అపశ్రుతి రెట్టింపు వినిపిస్తుంది. అందుకే గాళ్లు ముందే కోసిన పలక కొనుక్కోవడం నయం. నెక్ వంగి, లోపల ట్రస్ రాడ్ (వంపు సరిచేసే ఇనుప కడ్డీ) కూడా లేకపోతే ఇంత ఖర్చుకు అర్థం ఉంది.

వంపు లేకపోతే మెట్లు మార్చడమే మేలు. అరిగిన ఐదూ తీస్తే చాలు, మొత్తం పీకక్కర్లేదు. సోల్డరింగ్ ఐరన్‌తో మెట్టును వేడిచేసి, మూతి సాపుగా అరగదీసిన కట్టరుతో అంచు నుంచి మెల్లగా లేపాలి. గుంటల గిటారులో గాడికి రెండు పక్కలా మిగిలేది సన్నటి గట్టే, తొందరపడితే పెచ్చు లేస్తుంది. లేచిన పెచ్చును పారేయకుండా పల్చటి సూపర్‌గ్లూతో అక్కడే అతికించండి. కొత్త మెట్టు కాలు, అంటే గాడిలో దిగే భాగం, పాత గాడికి సరిపోవాలి. లావైతే మెట్లన్నీ కలిసి నెక్‌ను వెనక్కి వంచుతాయి. లావుపాటి జంబో మెట్లు మాత్రం వద్దు. గుంట వల్ల వేలికి లోతు ఎలాగూ ఉంది, ఇంకా ఎత్తు పెరిగితే కాస్త గట్టిగా నొక్కినా స్వరం పైకి పోతుంది. మరీ సన్న తీగలతోనూ ఇదే తంటా.

నెక్ వంగింది, డబ్బు పెట్టే ఉద్దేశమూ లేదంటే ఇంకో దారుంది. నట్ ఎత్తు పెంచి హవాయన్ గిటారుగా ఒడిలో పెట్టుకుని స్టీలు బార్‌తో వాయించుకోవచ్చు. అప్పుడు మెట్లతో పనే లేదు. హిందుస్తానీ విద్వాంసుడు బ్రిజ్ భూషణ్ కాబ్రా రాగాలను హవాయన్ గిటారు మీదే పలికించారు.

నా బల్ల మీదున్నదానికి ఒక్క కార్డే దూరింది. ఐదు మెట్లు మార్చి, పాతవాటితో కలిపి ఒకే మట్టానికి ఆకురాయి పడతాను. గుంటల జోలికి పోను.